ఊరు పెరుగుతోంది – చెత్తకు చోటెక్కడ?

పూర్వం మన పల్నాటి పల్లెల్లో ప్రతి ఇంటికీ ఒక పెంటదిబ్బ ఉండేది. పేడ, పొయ్యిలోని బూడిద, పశువులు మిగిల్చిన చొప్ప, కూరగాయల తొక్కలు, వాకిలి ఊడ్చిన కసువు అన్నీ ఆ దిబ్బ మీదికే చేరేవి. ఎండాకాలం రాగానే రైతులు బండ్లు కట్టి ఆ పెంటను చేలకు తోలేవారు. తొలకరి నాటికి దిబ్బ ఖాళీ అయ్యేది. దిబ్బ ఎంత పెద్దదైతే ఆ ఇంట అంత పశుసంపద ఉన్నట్టు లెక్క. కనుక ఆ రోజుల్లో చెత్తను ఎక్కడ వేయాలన్న ప్రశ్నే పుట్టలేదు. ఇంటినుండి బయటకు పోయినది చేనికి మేలు చేసి, తిరిగి గింజగా ఇంటికే వచ్చేది.

ఇప్పటి చెత్త అలాంటిది కాదు. అందులో పాలిథిన్ కవర్లు, నూనె ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, పసిపిల్లల డైపర్లు, మందుల అట్టలు, కాలిపోయిన బల్బులు ఉన్నాయి. దీనిని ఏ రైతూ తన చేనికి తోలుకుపోడు. అందుచేత ఊరి బయట దీనికొక స్థలం కావలసి వచ్చింది. దానినే డంపింగ్ యార్డు అంటున్నాము. ఊరు పెరిగేకొద్దీ ఆ స్థలం చాలటం లేదు. నిండిపోయింది గనుక పక్కన ఇంకో నాలుగెకరాలు కలుపుకుందామన్న మాట నేడు ఎన్నో చిన్న పట్టణాల్లో వినబడుతోంది.

మన గురజాల సంగతే చూడండి. ఒకప్పుడు గ్రామ పంచాయతీగా ఉన్న ఊరు 2020లో నగర పంచాయతీ అయింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. రెవెన్యూ డివిజను కేంద్రం కావటం వలన కచేరీ పనులకు, చదువులకు, వ్యాపారానికి చుట్టుపక్కల ఊళ్ళవారు ఇక్కడికి వస్తారు. జనం పెరగటం సంతోషించవలసిన విషయమే. అయితే పెరిగిన జనంతో పాటు పెరిగే చెత్తను గూర్చి కూడా ఆలోచించవలసిన సమయం వచ్చింది. యార్డు పెంచేముందు కుటుంబాలుగా, సంఘాలుగా మనం తెలుసుకోవలసిన కొన్ని సంగతులను ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాము.

ఒక చిన్న లెక్క

లక్షకు లోపు జనాభా ఉన్న చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుండి 300 గ్రాముల చెత్త వస్తుందని ప్రభుత్వ ఇంజనీర్లు లెక్క కడతారు. ముప్పై వేలమంది ఉన్న ఒక ఊరు తీసుకుందాం. తలకు 250 గ్రాముల చొప్పున రోజుకు ఏడున్నర టన్నులు. ఏడాదికి 2,700 టన్నులు దాటుతుంది. పండుగలు, పెండ్లిండ్లు, జాతరలు వచ్చిన రోజుల్లో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఈ చెత్తను విప్పి చూడండి. మన ఊళ్ళ చెత్తలో దాదాపు సగం తడిచెత్త. అంటే మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, ఆకులు, పూలు. ఇది కుళ్ళితే ఎరువవుతుంది. మిగిలిన సగంలో కాగితం, అట్టపెట్టెలు, గాజు, ఇనుము, గట్టి ప్లాస్టిక్ వంటివి పాత సామాను కొనేవారికి అమ్ముకోదగినవి. ఇవన్నీ తీసివేస్తే నిజంగా పాతిపెట్టవలసినది కొంతే మిగులుతుంది. నాలుగోవంతు మిగిలిందనుకుందాం. అన్నీ కలిపి పారబోస్తే అయిదేండ్లలో నిండే యార్డు, వేరుచేసి పంపితే ఇరవై ఏండ్లు వస్తుంది. కొత్త స్థలం ఒక్క సెంటు కూడా కొనకుండానే యార్డు నాలుగింతలు పెరిగినట్టయింది గదా! యార్డు ఎంత పెద్దది కావాలన్నది చాలావరకు మన వంటగదిలో తేలే విషయమని ఈ లెక్క చెబుతోంది.

మనది సున్నపురాయి నేల

రెండవ సంగతి మన నేలను గూర్చినది. పల్నాడంటే నాపరాయికి, సున్నపురాయికి పెట్టింది పేరు. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీలు ఈ రాయి మీదనే బ్రతుకుతున్నాయి. ఈ రాయికి ఒక స్వభావముంది. అందులో నెర్రెలు, పొరల మధ్య సందులు ఉంటాయి. కొంచెం పులుపు కలిసిన నీరు వేల సంవత్సరాలు ఆ సందుల్లో పారితే రాయి మెల్లమెల్లగా కరిగి సొరంగాలవుతుంది. గుత్తికొండ బిలం చూచినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. సున్నపురాయి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి, బుడగలు వస్తాయి. పులుపుకు ఈ రాయి అంత మెత్తబడుతుంది.

చెత్తకుప్ప మీద వాన పడితే ఆ నీరు కుప్పలోనుండి దిగుతూ కుళ్ళిన పదార్థాల రసాన్ని, బ్యాటరీలలోని లోహాలను, మందుల అవశేషాలను తనతో తీసుకొని నల్లని మురుగై అడుగుకు చేరుతుంది. కొత్త చెత్తనుండి వచ్చే ఈ మురుగుకు పులుపు గుణం ఉంటుంది. మంచి బంకమట్టి నేల అయితే దానిని కొంతవరకైనా ఆపి వడగడుతుంది. నెర్రెలున్న సున్నపురాయి నేలలో ఆ వడపోత జరగదు. మురుగు సందుల వెంట దూరం పోయి, ఎవరి బోరులోనో, ఎవరి బావిలోనో తేలవచ్చు. చెత్త పారబోసినది ఒక ఊరు, నీళ్ళు చెడేది మరో ఊరు.

ఇక్కడ ఒక శోధన కూడా ఉంది. మన ప్రాంతంలో రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతలు చాలా ఉన్నాయి. గుంత సిద్ధంగా ఉంది గదా, చెత్తతో పూడ్చేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని ఎవరికైనా తోస్తుంది. కాని ఆ గుంత అడుగున ఉన్నది పగుళ్ళు పట్టిన రాయి. వానాకాలంలో అందులో నీరు నిలుస్తుంది. అడుగున ఏ రక్షణా లేకుండా అలాంటి గుంతలో చెత్త వేయటం బావిలో చెత్త వేయటం వంటిదే. ఖర్చు తక్కువని కనబడే ఈ మార్గం చివరకు అందరికంటె ఖరీదైనది కాగలదు. ఎందుకంటే ఒకసారి చెడిన భూగర్భజలాన్ని బాగుచేయటం మనుష్యులకు అంత తేలిక కాదు.

కుప్ప వేరు, కట్టిన యార్డు వేరు

యార్డే వద్దు, మా ఊరి దరిదాపులకు తేవద్దు అనటం మా ఉద్దేశం కాదు. ఎంత వేరుచేసినా పాతిపెట్టవలసిన చెత్త కొంత మిగులుతుంది. దానికి చోటు కావాలి. అయితే ఆ చోటును ఒక పద్ధతిలో కట్టాలి.

కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రకటించిన ఘనవ్యర్థాల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడాయి. పాతిపెట్టే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇండ్లకు, రహదారులకు, మంచినీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాలని అవి నిర్దేశించాయి. గుంత అడుగున 90 సెంటీమీటర్ల మందాన బంకమట్టిని దిమ్మిస చేసి, దానిమీద ఒకటిన్నర మిల్లీమీటర్ల దళసరి ప్లాస్టిక్ పట్టా పరచాలన్నాయి. ఆ మట్టి పొరకు కనీసం రెండు మీటర్ల లోతునే భూగర్భజలం ఉండాలి. దిగిన మురుగును గొట్టాలతో పట్టి శుద్ధి చేయాలి. ప్రతిరోజూ వేసిన చెత్తపై మట్టి కప్పాలి. యార్డు మూసివేసిన తరువాత కూడా కనీసం పదిహేనేండ్లు దానిని కనిపెట్టి ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఎరువుగానో, మరో వస్తువుగానో, ఇంధనంగానో పనికివచ్చే చెత్త అసలు ఆ గుంతలోకి రాకూడదు.

ఇవేమీ లేకుండా కంచె వేసి ట్రాక్టరు తిరగబోసే చోటు వట్టి కుప్ప. దానిని నాలుగెకరాలు పెంచితే కుప్ప పెరుగుతుందే గాని సమస్య తీరదు. ఈగలు, కుక్కలు, పందులు, పొగ, వాసన అన్నీ దానితోపాటు పెరుగుతాయి. మేతకు వెళ్ళిన గేదెలు అన్నం వాసనకు కవర్లను కూడా మింగుతాయి. ఆ ప్లాస్టిక్ వాటి కడుపులో ముద్దగా చేరి, పశువు మేత మాని చిక్కిపోతుంది. ఒక పేద కుటుంబానికి పాడిగేదె అంటే ఏమిటో మన పాఠకులకు తెలుసు.

పెంచుకుంటూ పోతే ఏమవుతుంది?

పెంచుకుంటూ పోయినవారి అనుభవం మన కన్నుల ముందే ఉంది. హైదరాబాదు చెత్తంతా ఏండ్ల తరబడి జవహర్‌నగర్‌కు చేరింది. ఒకప్పుడు నగరానికి దూరంగా ఉన్న ఆ చోటు చుట్టూ ఇండ్లు లేచాయి. కోటి టన్నులకు పైగా పాత చెత్త గుట్టగా పేరుకుంది. దానినుండి దిగిన మురుగు పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. తరువాత గుట్టమీద మట్టి, పట్టాలు కప్పారు. 2020లో చెత్తను మండించి కరెంటు తీసే కర్మాగారం, 2023లో మురుగునీటి శుద్ధి కేంద్రం ప్రారంభించారు. ఇంత పెద్ద నగరం, ఇంత ధనం ఉన్న నగరం, ముందు చేయవలసిన పనులను వెనుక చేయవలసి వచ్చింది.

ఢిల్లీలోని గాజీపూర్ యార్డును 1984లో తెరిచారు. 2002 నాటికే అది నిండింది. వేరే చోటు దొరకక దాని మీదనే ఇంకా పోస్తూ వచ్చారు. 2017 సెప్టెంబరు 1న ఆ గుట్టలో ఒక భాగం జారి, దారినపోయేవారిని, వాహనాలను పక్కనున్న కాలువలోకి నెట్టింది. ఇద్దరు మరణించారు. అదే సంవత్సరం మార్చిలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో కోషె అనే చెత్తగుట్ట కూలి నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆ గుట్ట పక్కనే గుడిసెలు వేసుకొని బ్రతికిన నిరుపేదలు.

గురజాల ఢిల్లీ కాదు, హైదరాబాదూ కాదు. నిజమే. కాని ఆ గుట్టలన్నీ ఒకనాడు చిన్న కుప్పలే. చిన్న ఊరికి ఉన్న మేలు ఏమిటంటే, కుప్ప గుట్ట కాకముందే మేలుకొనే అవకాశం ఇంకా చేతిలో ఉంది.

చేసి చూపించినవారు

ఇది అయ్యేపని కాదని నిరాశపడనక్కరలేదు. నల్గొండ జిల్లాలో ఉండగా సూర్యాపేట పట్టణం, సుమారు లక్ష జనాభాతో, 2000 తరువాతి తొలి సంవత్సరాల్లోనే ఇంటింటా తడి, పొడి చెత్తను వేరుచేయించి, తడిచెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడిచెత్తను అమ్మి దేశమంతటా పేరు తెచ్చుకుంది. అందుకు పెద్ద యంత్రాలు కావలసి రాలేదు. ఇంటి ఇల్లాలిని ఒప్పించటం, బండి రోజూ వేళకు రావటం, ఈ రెండూ చాలినవి.

జపాను దేశంలో కామికట్సు అని ఒక కొండ ఊరుంది. జనాభా రెండువేలకు లోపే. 2003లో వారు చెత్తను పూర్తిగా తగ్గించుకుంటామని తీర్మానం చేసుకున్నారు. నలభైకి పైగా రకాలుగా వేరుచేసి, తమ చెత్తలో నూటికి ఎనభై వంతులు తిరిగి వాడకంలోకి పంపే స్థితికి చేరారు. ఆ ఊరివారిలో ఎక్కువమంది వృద్ధులు. ముసలివారికి సాధ్యమైనది మనకు అసాధ్యమా?

మన జిల్లాలోనే కొండవీడు దగ్గర గుంటూరు, విజయవాడ పట్టణాల చెత్తను మండించి కరెంటు తయారుచేసే కర్మాగారం ఉంది. అందులోకే మన చెత్త కూడా పంపితే సరిపోదా అని కొందరు అడగవచ్చు. మండే పొడిచెత్తకు అదొక దారే. సిమెంటు బట్టీలలో కూడా తగిన ఏర్పాట్లుంటే బొగ్గుతోపాటు పనికిరాని ప్లాస్టిక్‌ను మండించవచ్చు. కాని తడిచెత్త కలిసినది సరిగా మండదు. దానిని దూరం మోయటానికి డీజిలు ఖర్చు. మండిన తరువాత బూడిద మిగులుతుంది, దానికీ చోటు కావాలి. కనుక ఏ దారిన పోయినా మొదటి అడుగు ఒక్కటే – ఇంట్లో వేరుచేయటం. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అనలేదు.

ప్రభుత్వాలు కూడా ప్రయత్నించకపోలేదు. మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీలలో చెత్తనుంచి సంపద కేంద్రాల షెడ్లు కట్టారు. 2021లో మొదలైన క్లాప్ కార్యక్రమంలో పట్టణాల్లో మూడు రంగుల డబ్బాలు పంచి, నెలనెలా రుసుము వేశారు. జనం దానిని చెత్త పన్ను అన్నారు. 2024లో దానిని రద్దుచేశారు. పన్ను వచ్చింది, పోయింది. చెత్త మాత్రం పోలేదు. షెడ్డు ఎంత బాగా కట్టినా అందులోకి వేరుచేసిన చెత్త రాకపోతే అది తాళం వేసిన గదిగానే మిగులుతుంది.

యార్డు పక్కన ఉండేది ఎవరు?

ఇంకొక మాట చెప్పక తప్పదు. యార్డుకు స్థలం వెదికేటప్పుడు అందరి చూపు సాధారణంగా ఎటు పోతుంది? పలుకుబడి ఉన్నవారి పొలం వైపు పోదు. ఊరికి దిగువన ఉన్న బంజరు మీదికి, పేదల కాలనీ పక్కకు, అడగటానికి గొంతు లేనివారి వైపుకు పోతుంది. ఊరంతటి చెత్త, కొద్దిమంది బావుల పక్కన. ఇది న్యాయమా? మన సంఘాలలో ఎన్నో కుటుంబాలు అలాంటి కాలనీలలోనే నివసిస్తున్నాయి. చెత్తబండి మీద పనిచేసే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కూడా మనలో ఉన్నారు. వారు చేతులతో విప్పేది మనం కట్టి పారేసిన మూటలనే. పగిలిన గాజుముక్కను, వాడిన సూదిని, డైపరును అన్నం మెతుకులతో కలిపి కట్టినప్పుడు, వాటిని విప్పబోయే చేతులు మనకు గుర్తురావాలి.

యెరూషలేము గోడలు తిరిగి కట్టిన నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం చదవండి. పట్టణపు చెత్త బయటకు పోయే పెంట గుమ్మాన్ని బాగుచేసినవాడు పనివాడు కాదు, ఒక ప్రదేశానికి అధిపతి. గొఱ్ఱెల గుమ్మాన్ని ప్రధాన యాజకుడు కట్టిన ఆ పనిలోనే ఇతడు ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెత్త పని తక్కువవారి పని అనే తలంపు ఎవరికైనా ఉంటే ఆ అధ్యాయం దానిని సరిదిద్దుతుంది.

మనం చేయగలిగినవి

ఇంటిలో: తడిచెత్తకు ఒక బకెట్టు, పొడిచెత్తకు ఒక సంచి పెట్టండి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వండి. బల్బులు, బ్యాటరీలు, గడువు దాటిన మందులు మరో డబ్బాలో ఉంచండి. 2016 నిబంధనలు మూడు విధాలుగా వేరుచేయమన్నాయి. 2026 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలు ఈ నాలుగు విధాలూ కోరుతున్నాయి. పెరడు ఉన్నవారు మూడడుగుల గుంత తవ్వి తడిచెత్త, ఎండాకులు, కొంచెం పేడ పొరలుపొరలుగా వేస్తే మూడు నాలుగు నెలల్లో మంచి ఎరువు వస్తుంది. మన తాతల దిబ్బే అది! ప్లాస్టిక్‌ను మాత్రం పొయ్యిలోగాని, వాకిట్లోగాని కాల్చవద్దు. ఆ పొగ మొదట చేరేది మన పిల్లల ఊపిరితిత్తులకే.

పొలంలో: మిరపకు, పత్తికి కొట్టిన పురుగుమందు డబ్బాలను కడిగి నీళ్ళకు, నూనెకు వాడకండి. గట్టు మీద, కాలువలో పారేయకండి. మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ డబ్బాలోనే పోసి, డబ్బాకు చిల్లు పొడిచి వేరుగా ఉంచండి. ఇంటి చెత్తలో ఎన్నడూ కలపవద్దు.

సంఘంలో: క్రిస్మస్ విందులకు, పెండ్లిండ్లకు, కూడికలకు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళాలు మానండి. 2022 జూలై 1 నుండి ఇవి దేశమంతటా నిషేధం. స్త్రీల సమాజం వారు వంద స్టీలు గ్లాసులు, పళ్ళాలు కొని ఉంచితే ప్రతి కుటుంబం వాటిని వాడుకోవచ్చు. విస్తరాకులకు మించిన పళ్ళెం ఎక్కడుంది? సండే స్కూలు పిల్లలకు తడి, పొడి భేదం నేర్పండి. పిల్లలు నేర్చినది ఇంట్లో పెద్దలకు తప్పక నేర్పుతారు. యౌవనస్థులు నెలకొకసారి వీధులలో పొడిచెత్త ప్రోగుచేసి అమ్మితే, ఆ సొమ్ము ఒక పేద విద్యార్థి పుస్తకాలకు వస్తుంది.

ఊరి సభలో: యార్డు పెంచుతామన్న మాట వచ్చినప్పుడు మర్యాదగా, గట్టిగా అడగవలసిన ప్రశ్నలు ఇవి. అక్కడ భూగర్భజలం ఎంత లోతున ఉంది? అడుగున ఉన్నది మట్టా, రాయా? పట్టా పరుస్తారా? మురుగును ఎక్కడ శుద్ధిచేస్తారు? చుట్టుపక్కల బావుల నీటిని ఏడాదికి ఎన్నిసార్లు పరీక్షచేసి ఫలితం ప్రజలకు చెబుతారు? పాత కుప్పను జల్లించి, స్థలం ఖాళీచేసే ఏర్పాటు ఉందా? పాత కుప్పను తవ్వి జల్లిస్తే మట్టి, ప్లాస్టిక్, రాళ్ళు వేరై స్థలంలో చాలా భాగం తిరిగి చేతికి వస్తుంది. చాలాచోట్ల కొత్త ఎకరాలు కొనేముందు చేయవలసిన పని అదే. పనివారికి చేతి తొడుగులు, బూట్లు, వేళకు జీతం ఇస్తున్నారా? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికితే, అవసరమైనంత స్థలం ఇవ్వటానికి ఎవరూ అడ్డుచెప్పనక్కరలేదు. జవాబులు లేకపోతే ఒక్క సెంటు ఇచ్చినా ఎక్కువే.

ప్రియ పాఠకులారా, మన తాతలు మనకు కట్టలు తెగని చెరువులను, తీయని నీటి బావులను ఇచ్చిపోయారు. మనం మన మనుమలకు ఏమి ఇచ్చిపోతాము? ఈ పత్రిక మీ చేతికి అందిన రోజునే వంటగదిలో రెండవ బకెట్టు పెట్టండి. ప్రక్క ఇంటివారికి కూడా చెప్పండి. వీధిలో పది ఇండ్లు కలిస్తే చెత్తబండివాడు మాట వింటాడు. పది వీధులు కలిస్తే నగర పంచాయతీ వింటుంది.